కొట్టాయం జిల్లా ఎలా చూడాలి: సరస్సు దగ్గర మొదలుపెట్టి ఏటి వెంట కొండెక్కండి

అయ్యప్ప మాల వేసుకున్న ఇంట్లో కొట్టాయం పేరు వినని వాళ్లుండరు. ఇరుముడితో శబరి ఎక్స్‌ప్రెస్ దిగుతాం, స్టేషన్ బయట బస్సు పట్టుకుని ఎరుమేలి మీదుగా పంబ వెళ్లిపోతాం. తిరుగు ప్రయాణంలో ఓ చిప్స్ పొట్లం కొనుక్కుని రైలెక్కేస్తాం. నేనూ మూడుసార్లు అలాగే వెళ్లొచ్చాను. ఆ ఊరికి పడమరగా పదిహేను కిలోమీటర్లు వెళ్తే వెంబనాడు సరస్సు, తూర్పుగా అరవై అయిదు కిలోమీటర్లు వెళ్తే మంచు కప్పిన పచ్చిక కొండలు ఉన్నాయన్న సంగతి, నాలుగోసారి మాల లేకుండా ఇంట్లోవాళ్లతో వెళ్తే గానీ తెలియలేదు.

ఆ నాలుగోసారి కూడా ఒక పెద్ద తప్పు చేశాం. పొద్దున పడవ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రానికల్లా వాగమన్ కొండ అని ఒక్కరోజులో పెట్టుకున్నాం. కొండ మలుపుల్లో పిల్లలకు వాంతులు. పైకి చేరేసరికి చీకటి, పొగమంచు. కారు లైట్ల ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడలేదు. సరస్సునూ సరిగ్గా చూడలేదు, కొండనూ చూడలేదు. మీకు అలా కాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఈ జిల్లా స్వరూపం పట్టుకోండి, ప్లాన్ దానంతటదే వస్తుంది. కొట్టాయానికి సముద్రం లేదు. పడమట వెంబనాడు, తూర్పున ఇడుక్కి కొండలు. రెంటినీ కలిపేది మీనచ్చిల్ ఆరు. మలయాళంలో ‘ఆరు’ అంటే మన ఏరే. వాగమన్ వైపు కొండల్లో పుట్టి, ఈరాట్టుపేట, పాలా, కొట్టాయం మీదుగా డెబ్భై ఎనిమిది కిలోమీటర్లు పారి కుమరకోం దగ్గర సరస్సులో కలుస్తుంది. మనం దానికి ఎదురెళ్దాం. ముందు సరస్సు, తర్వాత ఏరు, చివర కొండ.

ఎప్పుడు, ఎన్ని రోజులు

తిరుగు రైలు ముందు రాత్రి కాకుండా నాలుగు రాత్రులు ఉంటే హాయి. రెండు కుమరకోం వైపు, ఒకటి కొట్టాయంలో, ఒకటి కొండ మీద. మూడే ఉంటే వైక్కం గుళ్ల వైపు వదిలేయండి. రెండే ఉంటే సరస్సు, కొండల్లో ఒకటే ఎంచుకోండి. రెండూ పెట్టుకుంటే మా కథే.

వాతావరణానికి డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మంచివి. కానీ నవంబరు మధ్య నుంచి మకరజ్యోతి వెళ్లేదాకా మన వైపు నుంచి రైలు టికెట్ దొరకడం గగనం. అందుకే జనవరి చివరివారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా నా ఓటు. అరవై రోజుల ముందు రిజర్వేషన్ తెరుచుకుంటుంది, ఆ రోజు పొద్దున్నే కూర్చుని బుక్ చేసుకోండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాన ఉంటుంది గానీ, ఆ నెలలకూ ఒక ఆకర్షణ ఉంది, కింద చెబుతాను. జూన్, జూలైల్లో వాన చూడ్డానికే వెళ్తే వెళ్లండి, కొండల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

శబరి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ నుంచి గుంటూరు, నెల్లూరు, తిరుపతి మీదుగా వెళ్తుంది, దాదాపు ఒక పూర్తి రోజు ప్రయాణం. విమానమైతే హైదరాబాద్ నుంచి కొచ్చి. నెడుంబాశ్శేరి విమానాశ్రయం నుంచి కొట్టాయం రోడ్డు మీద రెండున్నర, మూడు గంటలు తినేస్తుంది. దూరం తక్కువే, ట్రాఫిక్ ఎక్కువ.

మొదటి పూర్తి రోజు: సర్కారు పడవ ఎక్కండి

హౌస్‌బోట్ సంగతి తర్వాత. కొట్టాయం ఊళ్లోనే కోడిమత అనే చోట బోట్ జెట్టి ఉంది. అక్కడి నుంచి రాష్ట్ర జలరవాణా శాఖ పడవలు ఆలప్పుళకు, అంటే మనం అలెప్పీ అనే ఊరికి వెళ్తాయి. సుమారు రెండున్నర గంటల ప్రయాణం, టికెట్టు మామూలు బస్సు ఛార్జీ పాటిది. ఇది టూరిస్టుల పడవ కాదు. బడిపిల్లలు, కూరగాయల సంచులు, పంచె ఎగ్గట్టుకున్న పెద్దాయనలు ఎక్కి దిగుతుంటారు. మొదటి గంటలో ఇరుకు కాలువలు, అడ్డంగా చిన్న చిన్న వంతెనలు. పడవ హారన్ కొడితే గట్టు మీదవాళ్లు తాడు లాగి వంతెన పైకి లేపుతారు, మనం దాటాక మళ్లీ దించుతారు. మా పిల్లలు ఆ వంతెనల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

కాలువ దాటాక వచ్చే ఆర్ బ్లాక్ ప్రాంతంలో పక్కకి కాకుండా కిందికి చూడండి. గట్టుకు ఇటు మన పడవ తేలుతున్న నీళ్లు, అటు అంతకన్నా లోతున వరిపొలాలు. సముద్రమట్టం కంటే దిగువన చేసే సేద్యం ఇది. సరస్సులో గట్లు పోసి, నీళ్లు తోడేసి ఆ నేలను సంపాదించారు. కొల్లేటి లంకలు చూసిన వాళ్లకి ఈ గట్ల బతుకు కొత్తగా అనిపించదు. మాటవరసకి చెబుతున్నా, కొల్లేరూ వెంబనాడూ రామ్‌సార్ అనే అంతర్జాతీయ చిత్తడినేలల జాబితాలోకి ఎక్కింది ఒకే ఏడాది, 2002లో.

తిరుగు ప్రయాణం అదే దారిన వద్దు. ఆలప్పుళలో భోంచేసి, తణ్ణీర్‌ముక్కం వైపు వెళ్లే బస్సెక్కి ముహమ్మ అనే ఊళ్లో దిగండి. అక్కడి జెట్టి నుంచి సరస్సుకు అడ్డంగా కుమరకోం దాకా మరో సర్కారు పడవ ఉంది, నలభై నిమిషాలు. పొద్దున చూసింది కాలువలు, ఇది నడి సరస్సు. దారిలో పాతిరామణల్ దీవి కనిపిస్తుంది. సాయంత్రం నాలుగు, అయిదు మధ్య పడవ దొరికితే ఎండ వాలి నీళ్లు రాగి పళ్లెంలా ఉంటాయి. కుమరకోంలో దిగి అక్కడే బస చేయండి.

ఒక జాగ్రత్త. డిసెంబరు మధ్య నుంచి వేసవి మొదలయ్యే దాకా, సరస్సుకు అడ్డంగా కట్టిన తణ్ణీర్‌ముక్కం బండ్ షట్టర్లు మూసేస్తారు. సముద్రపు ఉప్పునీరు పొలాల్లోకి రాకుండా ఆ ఏర్పాటు. రైతుకి మేలే, కానీ ఉప్పు తగలక గుర్రపుడెక్క ఇష్టారాజ్యంగా పెరుగుతుంది, చేపలవాళ్లు మొత్తుకుంటారు. ఆ డెక్కతో కాలువ పూడుకుపోయినా, వంతెన మరమ్మతులో ఉన్నా పడవలు కోడిమతకు రాకుండా కాంజిరం జెట్టి నుంచి తిరుగుతాయి. కాబట్టి ముందురోజే జెట్టికి వెళ్లి రేపటి పడవ ఎక్కడి నుంచి, ఎన్నింటికి అని అడిగి రండి. ఫోన్‌లో కనిపించే టైముల్ని నమ్ముకోవద్దు. ఎక్కేముందే బాత్రూం పని చూసుకోండి.

కుమరకోం పొద్దు

ఇక్కడ తొమ్మిదింటికి లేస్తే ఇంట్లో ఉన్నట్టే. పక్షుల సంరక్షణ కేంద్రం పద్నాలుగు ఎకరాల తోట. ఆరు, ఆరున్నర మధ్య లోపలికి వెళ్లాలి. ఎండెక్కాక పక్షులూ ఉండవు, నడవబుద్ధీ కాదు. నీటికాకులు, కొంగలు, గూడబాతులు, లకుముకి పిట్టలు కనపడతాయి. సైబీరియా కొంగలొస్తాయని ఎవరైనా ఊదరగొడితే నవ్వి ఊరుకోండి, అవి మన దేశానికి రావడం 2002 నాటికే ఆగిపోయింది. వలస పక్షులకు నవంబరు నుంచి ఫిబ్రవరి, ఇక్కడే గూళ్లు కట్టే పక్షులకు వానాకాలం. బురద పట్టే చెప్పులు వేసుకోండి, బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి.

ఆగస్టు, సెప్టెంబరుల ఆకర్షణ అన్నాను కదా, అది మలరిక్కల్. కొట్టాయం, కుమరకోంల నడుమ ఉన్న పల్లె. పంటకీ పంటకీ మధ్య నీళ్లు పెట్టిన వరిపొలాల్లో గులాబీరంగు కలువలు విచ్చుకుంటాయి. నాలుగైదు పూలు కాదు, కనుచూపు మేర. ఊరివాళ్లే చిన్న పడవల్లో తిప్పుతారు. పది దాటితే పూలు ముడుచుకుంటాయి, ఏడింటికల్లా అక్కడుండాలి. ఈ పూలు ఏటా ఒకే తారీఖుకు రావు. రైతులు నీళ్లు తోడి నాట్లకు దిగితే ఆ ఏడాదికి అయిపోయినట్టే. బస చేసిన చోట అడిగి వెళ్లండి.

ఆ మిగతా పూట అయ్మనం లాంటి పల్లెలో చిన్న పడవ మాట్లాడుకోండి. ఇంజన్ లేని తెప్పలాంటి పడవ, ఒక్క తెడ్డు. పెద్ద బోట్లు దూరలేని పిల్లకాలువల్లోకి వెళ్తుంది. ఇళ్ల వెనక నుంచి పోతుంది కాబట్టి, గిన్నెలు తోముకునే వాళ్లనీ స్నానాలు చేసేవాళ్లనీ ఫొటోలు తీయకండి. మన చెరువు గట్టు మీద ఎవరో కెమెరా పట్టుకు నిలబడితే మనకెలా ఉంటుందో వాళ్లకీ అంతే.

ఇక హౌస్‌బోట్. రాత్రి బస కోసం డబ్బు పెట్టేముందు ఒక విషయం తెలుసుకోండి. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో ఎక్కిస్తారు, సాయంత్రం అయిదున్నరకు ఎక్కడో ఒకచోట కట్టేస్తారు. రాత్రి జాలర్ల వలలుంటాయి కాబట్టి తిరగడానికి వీల్లేదు. తెల్లారి తొమ్మిదికి దింపేస్తారు. అంటే తిరిగేది మహా అయితే అయిదారు గంటలు. మిగతాది ఒడ్డున కట్టేసిన గదిలో నిద్ర. కొత్త జంటలకి సరదాగానే ఉంటుంది. పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి పగటి పూట రెండు మూడు గంటల షికారా (చిన్న పడవ) చాలని నా అభిప్రాయం. తీసుకుంటే మాత్రం ఎక్కేముందు మూడు సంగతులు తేల్చుకోండి: ఏసీ రాత్రంతానా, తొమ్మిది నుంచేనా? రాత్రి ఎక్కడ కడతారు? లైఫ్ జాకెట్లు మనుషులకి సరిపడా ఉన్నాయా? మూడోదానికి జవాబు నోటితో కాదు, జాకెట్లు కళ్లకి చూపించాలి.

తిండి

ఈ జిల్లా చేపల పులుసు మన నాలుకకి బాగా పడుతుంది. కొబ్బరిపాలు లేకుండా ఎర్రకారం, కుడంపులి అనే నల్లటి ఎండు పులుపు వేసి మట్టిచట్టిలో కాస్తారు. వండిన మర్నాడు ఇంకా బాగుంటుంది. దానికి జోడీ కప్ప, కంగారుపడకండి, అంటే కర్రపెండలం. ఉడికించి మెదిపి పెడతారు. కరిమీన్ పొళ్లిచ్చదు అంటే అరటాకులో చుట్టి పెనం మీద కాల్చిన చేప. దాని ధర సైజును బట్టి ఉంటుంది, కాబట్టి చేపను చూసి ధర అడిగాకే చెప్పండి. బిల్లు చూశాక గొడవపడి లాభం లేదు, ఆ అనుభవం నాకుంది. మంచి చేపల కూర, బాతు వేపుడు చాలాచోట్ల కల్లు షాపుల్లోనే దొరుకుతాయి. మన ఊళ్లో కల్లు పాకలా ఊహించుకోకండి, వాటిలో చాలావాటికి కుటుంబాలు కూర్చునే గదులు వేరే ఉంటాయి.

శాకాహారులకీ ఇబ్బంది లేదు గానీ, ఊరి నడిమధ్యే తినండి, పల్లెల్లో వెతుక్కోవాలి. ‘ఊణు’ అంటే భోజనం. ఎర్రగా లావుగా ఉండే మట్ట బియ్యం పెడతారు, పడకపోతే తెల్లన్నం అడగండి. పుళిశ్శేరి మన మజ్జిగపులుసుకి చుట్టమే. గులాబీరంగు వేడినీళ్లు గ్లాసులో పోస్తే అది టీ కాదు, పతిముగం చెక్క వేసి కాచిన తాగునీరు. హాయిగా తాగండి. కొబ్బరినూనె వాసన పడనివాళ్లు ఓ చిన్న ఆవకాయ సీసా సంచిలో వేసుకోండి.

ఒక పూట: మూడు శివాలయాలు, ఒక పోరాటం

ఖరుడనే రాక్షసుడు మూడు శివలింగాలు తెస్తూ కుడిచేతిది వైక్కంలో, ఎడమచేతిది ఏట్టుమానూర్‌లో, పళ్లతో పట్టుకున్నది కడుత్తురుత్తిలో ఉంచాడని స్థలపురాణం. మూడింటినీ ఒకే రోజు మధ్యాహ్నపూజ లోపల దర్శిస్తే విశేషమంటారు. కార్తీకంలో పంచారామాలు ఒక్కరోజులో చుట్టే మనకి ఇదేం లెక్క? కొట్టాయం నుంచి తెల్లవారుజామునే బయల్దేరి ముందు ఏట్టుమానూర్, తర్వాత కడుత్తురుత్తి, చివర వైక్కం. మొత్తం ముప్ఫై అయిదు కిలోమీటర్లే. మగవాళ్లు పంచె కట్టుకుని చొక్కా విప్పి వెళ్లాలి, ఆడవాళ్లకి చీర శ్రేయస్కరం. మధ్యాహ్నం మూస్తే మళ్లీ సాయంత్రమే తీస్తారు. ఏట్టుమానూర్ గోపురం లోపలి గోడ మీద నటరాజు కుడ్యచిత్రం చూడకుండా రాకండి.

వైక్కంలో దర్శనమయ్యాక గుడి చుట్టూ ఉన్న వీధుల్లో ఒకసారి నడవండి. వెనకబడిన కులాలవాళ్లు ఆ వీధుల్లో నడవకూడదన్న ఆంక్ష మీదే 1924 మార్చి 30న సత్యాగ్రహం మొదలై 1925 నవంబరు దాకా సాగింది. తమిళనాడు సంఘసంస్కర్త పెరియార్ ఈ పోరాటంలోనే జైలుకెళ్లారు. 1925 మార్చిలో గాంధీజీ వచ్చారు. ఊళ్లో పెరియార్ స్మారకం ఉంది. జెట్టి దగ్గర ‘ఆదిత్య’ కోసం ఆరా తీయండి. 2017 జనవరిలో మొదలైన ఈ పడవ దేశంలో తొలి సోలార్ ఫెర్రీ, డెబ్భై అయిదుమంది పడతారు. అవతలి ఒడ్డు తవణక్కడవుకి వెళ్లి రండి. డీజిల్ మోత లేకుండా నీటి మీద జారిపోవడం ఎలా ఉంటుందో తెలుస్తుంది.

కొట్టాయం ఊళ్లో సమయం మిగిలితే తాళత్తంగాడి వెళ్లండి. ఏటి ఒడ్డున చెక్కపనితో పాత మసీదు, దగ్గర్లోనే పదహారో శతాబ్దపు చర్చిలు రెండు. నడకదూరంలో అన్నీ అయిపోతాయి.

ఏటి వెంట పైకి

కొండ రోజున పొద్దున ఏడుకల్లా బయల్దేరండి. పాలా దాకా రోడ్డుకిరువైపులా రబ్బరు తోటలే. రబ్బరు బోర్డు ప్రధాన కార్యాలయం కొట్టాయంలో ఉన్నది ఊరికే కాదు. తెల్లవారుజామున బెరడు గీసి కట్టిన చిప్పల్లోకి పాలు కారుతుంటాయి. ఎక్కడైనా ఆగి, తోటవాళ్లని అడిగి, దగ్గర్నుంచి చూడండి. పాలా దాటాక భరణంగానంలో సెయింట్ అల్ఫోన్సా సమాధి ఉంది. 2008లో పునీతగా ప్రకటించిన ఆమె, ఆ గౌరవం పొందిన మొదటి భారతీయ మహిళ. అయిదు నిమిషాలు ఆగినా ఆ చోటి నిశ్శబ్దం మనసుకి పడుతుంది.

ఈరాట్టుపేట అంటే రెండు ఏర్లు కలిసే పేట. కొండల నుంచి దిగిన పాయలు ఇక్కడ కలిసి మీనచ్చిల్ అవుతాయి. ఇక్కడే పెట్రోలు, ఏటీఎం, టిఫిన్ పనులు ముగించుకోండి. పైన ఇరవై నాలుగు, ఇరవై అయిదు కిలోమీటర్లు రాతిని తొలిచి వేసిన ఘాట్ రోడ్డు. మీరే నడుపుతుంటే చిన్న గేరులో వెళ్లండి, మలుపు మలుపుకీ హారన్ కొట్టండి, బస్సుకి ఎప్పుడూ దారివ్వండి. దిగేటప్పుడు కూడా ఎక్కిన గేరులోనే దిగాలి, బ్రేకు మీద కాలేసి కూర్చుంటే బ్రేకులు వేడెక్కి పట్టవు. డ్రైవింగ్ టెన్షన్ వద్దనుకుంటే బస్సులున్నాయి. వాంతుల మాత్ర ఈరాట్టుపేటకు అరగంట ముందే వేయించండి.

ఒక్క వ్యూపాయింటే చూసే వీలుంటే నేను ఇల్లిక్కల్ కల్లు అంటాను, ఇక్కడ ‘కల్లు’ అంటే రాయి. మూడు వేల అడుగులకు పైన, పగిలిన కత్తిలా నిలబడ్డ రాయి. మీ బండి కిందే ఆపాలి, అక్కణ్నించి జీపులో తీసుకెళ్తారు, చివర కాస్త నడక. కంచె దాటి ఆ రాతి మీదికి ఎక్కడం నిషేధం, ఎందుకో అక్కడ నిలబడి కిందికి చూస్తే మీకే అర్థమవుతుంది. ఇలవీళాపూంచిర ఇంకో వైపు. ‘ఆకు రాలని పూల కొలను’ అని పేరు, రాలడానికి అక్కడ చెట్లుంటే కదా! చెట్టు లేని బోడికొండ కాబట్టే పిడుగుల భయం ఎక్కువ. అక్టోబరు, నవంబరుల్లోనూ, ఏప్రిల్, మే నెలల్లోనూ మధ్యాహ్నం మూడు దాటాక ఉరుము వినపడితే ఫొటో కోసం ఆగకండి, కిందికి వచ్చేయండి.

వాగమన్ ఊరు జిల్లా గీత దాటి ఇడుక్కిలోకి వెళ్తుంది, ఎవరికి కావాలి ఆ లెక్క. పదకొండు వందల మీటర్ల ఎత్తు. పైన్ చెట్ల తోట, గడ్డి గుట్టలు, 1958లో మొదలైన కురిసుమల క్రైస్తవ ఆశ్రమం, దాని ఆవులు. 2023లో తెరిచిన నలభై మీటర్ల గాజు వంతెన దగ్గర శని ఆదివారాల్లో క్యూ చాంతాడంత ఉంటుంది. వాన, గాలి ఉంటే మూసేస్తారు కూడా. దాని కోసమే ఇంత దూరం రావద్దు. గడ్డి గుట్టల మీద పొద్దున ఏడింటికి, మంచు లేస్తున్నప్పుడు, ఎవరూ లేనప్పుడు నడవండి. అందుకే రాత్రి అక్కడ ఉండమనేది. వానాకాలమైతే జలగలుంటాయి, పొడుగు సాక్సులు వేసుకోండి.

వాన గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. జిల్లాకి ఆరెంజ్ అలర్టో, రెడ్ అలర్టో ఉందంటే కొండ రోజు రద్దు చేసుకోండి, రూము డబ్బులు పోయినా సరే. 2021 అక్టోబరు 16న ఇదే జిల్లాలో కూట్టిక్కల్ దగ్గర కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అలాంటప్పుడు వాగమన్ రోడ్డు మీద రాత్రి ప్రయాణాలు కలెక్టరు ఆపేస్తారు. మార్మల లాంటి జలపాతాల్లో పైకి ఎండ కాస్తున్నా స్నానానికి దిగొద్దు. పైన ఎక్కడో కురిసిన వాన నిమిషాల్లో కిందికొస్తుంది, అడుగున రాళ్లు నాచు పట్టి ఉంటాయి.

దారి అడగాలంటే మగవాళ్లని ‘చేట్టా’, ఆడవాళ్లని ‘చేచ్చీ’ అనండి. అన్నా, అక్కా అన్నట్టే. తర్వాత మీ తెలుగు, వాళ్ల మలయాళం ఎలాగో సర్దుకుంటాయి.

తిరుగు రైలు ఉన్న రోజు పొద్దున కొండ మీద ఉండకండి. ముందు రాత్రికే కొట్టాయం దిగిపోండి. ఘాట్ రోడ్డులో ఒక్క లారీ ఆగినా, ఊళ్లో హర్తాళ్, అంటే బంద్, వచ్చినా రైలు పోతుంది. మిగిలిన ఆ పూటకి పని కావాలంటే ఊళ్లోకి వెళ్లి, కళ్ల ముందే కొబ్బరినూనెలో చిప్స్ వేయించే కొట్టు చూసుకోండి. వేడి చల్లారాకే కవరు కట్టించండి, లేకపోతే ఇంటికొచ్చేసరికి మెత్తబడతాయి.